గుండె ‘పంపింగ్ తగ్గింది’ అంటే ఏమిటి? కర్నూలు గుండె వార్డులో అందరూ అడిగిన ప్రశ్నలు

కర్నూలులో గుండె జబ్బుల వార్డులో పంతొమ్మిదేళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. ఆదోని, పత్తికొండ, గుత్తి, ప్రొద్దుటూరు... ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు డాక్టరు రౌండ్స్ అయిపోయాక నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగేవాళ్లు: “సిస్టరమ్మా, సారు ఏం చెప్పినారు?” సారు చెప్పింది తెలుగులోనే. భయంలో అది చెవికెక్కదు, అంతే. అప్పుడు అడిగిన ప్రశ్నలే ఇవి, దాదాపు వాళ్ల మాటల్లోనే రాశాను. ఇక్కడ రాసినదానికీ మీ డాక్టరు చెప్పినదానికీ తేడా వస్తే డాక్టరు మాటే వినండి. మీ ఒంటిని చూసింది ఆయన, నేను కాదు.

“పంపింగ్ తగ్గింది, హార్ట్ ఫెయిల్యూర్ అంటున్నారు. అంటే గుండె ఆగిపోతుందా?”

లేదు. ఈ పేరే మనుషుల్ని సగం చంపుతోంది. పరీక్షలో ఫెయిల్ అయినట్టు, ఇక అంతా అయిపోయినట్టు వినపడుతుంది. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు, ఒంటికి కావలసినంత రక్తాన్ని తోయలేక నీరసపడటం. కొట్టుకుంటూనే ఉంటుంది, కానీ పని సరిపోదు. మందులు సరిగ్గా వాడుతూ ఏళ్ల తరబడి పొలానికి వెళ్లొస్తున్నవాళ్లను నేను చూశాను.

“అసలు గుండె ఎట్లా పనిచేస్తుంది?”

గుండె మీ పిడికిలంత ఉంటుంది. పెద్దవాళ్లలో దాని బరువు సుమారు 300 గ్రాములు. లోపల నాలుగు గదులు: పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తం కుడివైపు చేరుతుంది. కుడి జఠరిక దాన్ని ఊపిరితిత్తులకు తోస్తుంది. అక్కడ ఆక్సిజన్ ఎక్కించుకుని రక్తం ఎడమవైపుకు వస్తుంది. ఎడమ జఠరిక దాన్ని నడినెత్తి నుంచి కాలి బొటనవేలి దాకా పంపుతుంది. అంత దూరం తోయాలి కాబట్టే దాని గోడ మిగతా గదుల కంటే మందంగా ఉంటుంది.

అనంతపురం రైతు ఒకాయనకు ఇదంతా చెబుతుంటే మధ్యలోనే అందుకున్నాడు: “బోరు మోటారు మాదిరి కదమ్మా.” అవును, అదే మాదిరి. పైపులో నీళ్లు వెనక్కి దిగకుండా వాల్వు పెట్టినట్టు గుండెలోనూ నాలుగు కవాటాలున్నాయి. స్టెతస్కోపులో వినపడే లబ్-డబ్ ఆ కవాటాలు మూసుకునేటప్పుడు వచ్చే చప్పుడు.

తేడా ఒక్కటే. మోటారుకు కరెంటు బయటి నుంచి రావాలి, గుండె తన కరెంటు తానే పుట్టించుకుంటుంది. కుడి కర్ణిక పైభాగంలో చిన్న కణాల ముద్ద ఒకటుంది. మనం ఊరికే కూర్చున్నప్పుడు అది నిమిషానికి 60 నుంచి 100 సార్లు గుండెను తట్టి లేపుతుంది. ఈసీజీ కాగితం మీద గీతలు ఆ కరెంటువే. ఆ గీతలు పట్టే పద్ధతి కనిపెట్టినందుకు ఐంథోవెన్ అనే డచ్ శాస్త్రవేత్తకు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది.

గుండె తోడే రక్తం నిమిషానికి సుమారు 5 లీటర్లు, అంటే రోజుకు 7,000 లీటర్ల పైనే. ఎండాకాలంలో మా వీధికొచ్చే నీళ్ల ట్యాంకరులో పట్టేది 5,000 లీటర్లు. పిడికిలంత కండ ఒక్కరోజు కూడా సెలవు లేకుండా ట్యాంకరున్నర దాకా తోడుతోంది. ఎన్నిసార్లు చెప్పినా ఈ లెక్క దగ్గర నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. గుండె తన గదుల్లో ఉన్న రక్తాన్ని తానే నేరుగా తాగలేదు. తన కండకు కావలసిన రక్తం పైన అల్లుకున్న కరోనరీ ధమనుల గుండా రావాలి. బ్లాకులు అని మనం అనేది వీటిలో పడేవాటినే.

“హార్ట్ ఎటాక్, హార్ట్ ఫెయిల్యూర్, కార్డియాక్ అరెస్ట్ అన్నీ ఒకటే కదా?”

మూడూ వేరు. కరోనరీ ధమని పూడుకుపోయి గుండె కండలో కొంత భాగానికి రక్తం అందకపోతే అది హార్ట్ ఎటాక్, అంటే గుండెపోటు. పైపు సమస్య. కరెంటు గతి తప్పి గుండె ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తే కార్డియాక్ అరెస్ట్. మనిషి పడిపోతాడు, ఊపిరి ఉండదు. ఫెయిల్యూర్ మోటారు బలం తగ్గడం, అది నెలలు, ఏళ్లు సాగుతుంది. ఒకటి ఇంకోదానికి దారి తీయొచ్చు. గుండెపోటులో చచ్చిపోయిన కండ మళ్లీ పుట్టదు, ఆ మేరకు పంపింగ్ తగ్గుతుంది.

“టూడీ ఎకోలో 35 వచ్చింది. నూటికి ముప్పై అయిదేనా?”

టూడీ ఎకో అంటే గుండె స్కానింగ్, పంపింగ్ ఎంత శాతమో అందులో వస్తుంది. ఈ అంకె చూసి ఏడ్చినవాళ్లు చాలామంది. నూటికి నూరు ఎవరికీ ఉండదు. ఎడమ జఠరికలో నిండినప్పుడు సుమారు 120 మిల్లీలీటర్ల రక్తం ఉంటుందనుకోండి, ఒక్క దెబ్బకు బయటికి తోసేది 70 దాకా. అంటే 58 శాతం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే 55 నుంచి 70 మధ్య ఉంటుంది. 40 కంటే తక్కువైతే తగ్గినట్టు లెక్క. మందులు మొదలుపెట్టిన కొన్ని నెలలకు 30 కాస్తా 45 అయినవాళ్లున్నారు. ఒకసారి వచ్చిన అంకెను నుదుటిరాత అనుకోవద్దు.

“మా అమ్మకు పంపింగ్ 60 ఉంది. అయినా ఫెయిల్యూర్ అంటున్నారే?”

అదీ ఉంటుంది. గుండె పిండటం బాగానే ఉన్నా, బిగుసుకుపోయి వదులు కాలేకపోతే లోపలికి రక్తం సరిగ్గా నిండదు. ఏళ్ల తరబడి బీపీ, షుగర్ ఉన్నవాళ్లలో, వయసు మళ్లిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ.

“ఎందుకొచ్చింది? మా వంశంలోనే లేదు.”

ఎక్కువమందికి పాత గుండెపోటు, లేదంటే ఏళ్లుగా పట్టించుకోని బీపీ. ఆ తర్వాత షుగర్, కవాటాల జబ్బు, తాగుడు. కొన్ని వైరస్‌ల వల్ల వస్తుంది, కొన్ని క్యాన్సర్ మందుల వల్లా వస్తుంది. గర్భం చివరి నెలలో గానీ కాన్పయిన మొదటి అయిదు నెలల్లో గానీ కొందరు తల్లులకు వస్తుంది. బాలింతకు ఆయాసమొస్తే “రక్తం తక్కువలే” అని వదిలేయకండి, ఒక్క ఎకో తీయించండి.

“పగలు బాగానే ఉంటాడు, రాత్రి పడుకుంటే ఆయాసం. ఏమిటిది?”

పగలు కాళ్లలో నిలిచిన నీరు పడుకోగానే పైకి చేరుతుంది. నీరసపడిన ఎడమ జఠరిక ఆ బరువును తోయలేదు. రక్తం ఊపిరితిత్తుల్లో వెనక్కి నిలిచిపోయి, నీరు ఊరుతుంది. మనిషి ఒంటిగంటకో రెండింటికో ఉలిక్కిపడి లేచి, మంచం అంచున కూర్చుని, కిటికీ తీయమంటాడు. కూర్చుంటే కాస్త హాయి. చాలామంది దీన్ని ఉబ్బసం అనుకుని నోట్లో పీల్చే పంపు కొనుక్కొస్తారు.

నేను అడిగే మొదటి ప్రశ్న: “ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నాడు?” నిరుడు ఒకటి, ఇప్పుడు మూడు అంటే నాకు సగం అర్థమైపోయేది.

“కాళ్లకు నీరొచ్చింది. కిడ్నీ జబ్బా?”

కిడ్నీ కావచ్చు, లివర్ కావచ్చు, గుండె కావచ్చు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఇంట్లో మీరు చూడగలిగిందొకటి ఉంది. మోకాలి కింద ముందువైపు ఎముక మీద బొటనవేలితో అయిదు సెకన్లు నొక్కి తీయండి. మామూలు కాలైతే వెంటనే సమంగా అవుతుంది. నీరుంటే చపాతీ పిండిలో వేలు దిగినట్టు గుంట పడి, కాసేపు అట్లాగే ఉంటుంది. ఆడవాళ్లకు అంతకంటే ముందే తెలుస్తుంది. మెట్టెలు బిగుసుకుపోతాయి, సాయంత్రానికి చెప్పు పట్టీ అచ్చు పాదం మీద లోతుగా పడుతుంది.

“రోజూ బరువు చూసుకోమన్నారు. ఎందుకు?”

ఈ జబ్బులో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ముందుగా చెప్పే పరికరం ఇంకోటి లేదు. బరువు చూసే మిషన్ ఒకటి కొనండి. పొద్దున్నే బాత్రూముకు వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, అదే రకం బట్టలతో నిలబడి చూసి రాసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి వల్ల వచ్చిన ఒళ్లు కాదు, నీరు. ఆయాసం మొదలవడానికి కొన్ని రోజుల ముందే అది తెలుస్తుంది. అప్పుడు ఫోన్ చేస్తే మాత్ర డోసు మార్చడంతో తేలిపోవచ్చు. వారం ఆగితే అంబులెన్సులో రావలసి వస్తుంది.

పత్తికొండ దగ్గరి పల్లెటూరి నుంచి ఒకామె భర్తను తీసుకొచ్చేది. ఆమెకు చదువు రాదు, అంకెలు మాత్రం వచ్చు. గోడకున్న క్యాలెండరులో ప్రతి తేదీ గడిలో బొగ్గుతో భర్త బరువు రాసేది. ఓపీకి వచ్చేటప్పుడు క్యాలెండరే చుట్టి చంకలో పెట్టుకొచ్చేది. 54, 54, 55, 56 అని ఉన్న వారం దగ్గర వేలు పెట్టి “ఈడ ఆపినాడు సార్ మాత్ర” అని డాక్టరుకు చూపించింది. అంత మంచి కేస్ షీటు నేను వార్డులో ఎన్నడూ చూడలేదు.

“ఉప్పు ఎంత తినొచ్చు? ఉప్పు లేకుండా ఎట్లా తినేది?”

రోజంతటికీ, అన్నిట్లో కలిపి, 5 గ్రాములకు లోపు. అంటే ఒక చిన్న చెంచా. మన రాయలసీమ వంటలో కష్టం కూరలో ఉప్పుతో కాదు. రాగి సంగటి, జొన్న రొట్టె, వీటిలో ఉప్పు తగ్గించడం తేలికే. ముంచుతున్నది పక్కన పెట్టుకునేవి: ఊరగాయ, మజ్జిగ మిరపకాయలు, అప్పడం, వడియాలు, ఎండు చేపలు. బయట తినే ఉగ్గాని, బజ్జీ, కారం దోశ. బేకరీ బిస్కెట్లలో, బ్రెడ్డులో కూడా ఉప్పుంటుంది, నాలుకకు తెలియదు. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే గ్యాస్ పొడుల్లో సోడియం దండిగా ఉంటుంది, అవీ వద్దు.

నిమ్మకాయ, చింతపండు, కొత్తిమీర, వెల్లుల్లి, జీలకర్ర, కాస్త ఎండుకారం వాడుకోండి. రెండు మూడు వారాలకు నాలుక అలవాటు పడుతుంది. ఇంటిల్లిపాదికీ అదే కూర వండండి. ఒక్కడికి వేరే గిన్నెలో చప్పిడి కూర పెట్టి మిగతావాళ్లు ఆవకాయ కలుపుకుంటుంటే ఆ మనిషి ఎన్ని రోజులు ఓర్చుకుంటాడు?

ఒక హెచ్చరిక. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేవాటిలో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. గుండె మాత్రల్లో కొన్ని ఒంట్లో పొటాషియాన్ని పెంచుతాయి. రెండూ కలిస్తే గుండె లయ తప్పుతుంది. డాక్టరును అడక్కుండా వాడొద్దు. కొబ్బరినీళ్లలోనూ పొటాషియం ఉంటుంది, రోజూ తాగే అలవాటుంటే అదీ చెప్పండి.

“నీళ్లు తక్కువ తాగమన్నారు. మన ఎండలకు ఎట్లా?”

మంచి ప్రశ్న. నీళ్ల కొలత అందరికీ ఒకటి కాదు, మీకెంతో డాక్టరునే అడగండి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండకు చెమట ధారగా కారుతుంది. ఒకపక్క నీరు తీసే మాత్ర, ఇంకోపక్క చెమట. లేచి నిలబడితే కళ్లు తిరిగితే, బీపీ పడిపోతే, మూత్రం తగ్గితే వెంటనే చూపించండి. ఎండాకాలంలో డోసు తగ్గించాల్సి రావచ్చు. విరేచనాలు, వాంతులు పట్టుకున్నప్పుడూ అంతే. రోజు నీళ్లన్నీ పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పెట్టుకుని అందులోంచే తాగితే లెక్క తప్పదు. రోజా ఉండాలనుకునేవాళ్లు రంజాన్‌కు ముందే డాక్టరును కలిసి మాత్రల వేళలు మార్చుకోవచ్చో లేదో అడగాలి.

“ఇప్పుడు బాగుంది కదా. మాత్రలు ఆపొచ్చా?”

వద్దు. ఈ ఒక్క జవాబు చదివి మిగతావన్నీ వదిలేసినా నాకు చాలు.

బాగుండటానికి కారణమే ఆ మాత్రలు. నీరు తీసే మాత్ర ఆయాసం తగ్గిస్తుంది, దాని పని రెండు రోజుల్లో కనపడుతుంది. మిగతావి కనపడకుండా పనిచేస్తాయి. గుండె నీరసపడితే ఒళ్లు కంగారుపడి కొన్ని హార్మోన్లను ఎక్కువగా వదులుతుంది. అలసిన ఎద్దును ముల్లుకర్రతో పొడిచినట్టు అవి గుండెను ఇంకా తరుముతాయి. కొన్ని మాత్రలు ఆ పోటును ఆపుతాయి, కొన్ని గుండె వేగాన్ని తగ్గించి దానికి ఊపిరి తీసుకునే సందు ఇస్తాయి. నెలలు గడిచేకొద్దీ ఉబ్బిన గుండె మెల్లగా సర్దుకుంటుంది. మొదటి వారాల్లో నీరసంగా అనిపిస్తుంది, అందుకే చిన్న డోసుతో మొదలుపెడతారు. కొన్ని మాత్రలకు పొడిదగ్గు వస్తుంది. వస్తే డాక్టరు వేరేది రాస్తారు, మీరే ఆపకండి. వేగం తగ్గించే మాత్రను ఉన్నట్టుండి ఆపితే మరీ ప్రమాదం.

ఇది మా ఇంట్లోనే జరిగింది. మా నాన్నకు పంపింగ్ 30. ఏడాదిన్నర చక్కగా వాడాడు. తర్వాత “నడుస్తున్నా, తింటున్నా, ఇంకా ఎందుకమ్మా” అని నాతో చెప్పకుండా ఆపేశాడు. అదే వారం మోకాళ్ల నొప్పికని ఊళ్లో ఒకతని దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని, వారానికి సరిపడా నొప్పి మాత్రలు తెచ్చుకున్నాడు. తొమ్మిదో రోజు రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. నాన్న నోట్లోంచి నురగ వస్తోందన్నాడు. పరాయివాళ్లకు పంతొమ్మిదేళ్లు చెప్పిన మాట సొంత తండ్రికి గట్టిగా చెప్పలేదని ఆ రాత్రి పడిన బాధ ఇప్పటికీ ఉంది. ఆక్సిజన్, ఇంజెక్షన్లు పెట్టి ఆయన్ను గట్టెక్కించారు. ఆ తర్వాత ఏడేళ్లు బతికాడు. మాత్రల డబ్బా తన చేత్తోనే సర్దుకునేవాడు.

“ఒళ్లు నొప్పులకు మాత్ర వేసుకోకూడదా?”

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వద్దు. అవి ఉప్పునూ నీటినీ ఒంట్లో ఆపేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ మామూలు మాత్ర పరవాలేదు. ఇంజెక్షన్ వేయించుకునే ముందు “నాకు గుండె ఫెయిల్యూర్ ఉంది” అని నోరు తెరిచి చెప్పండి.

“నాకు షుగర్ లేదు. షుగర్ మాత్ర ఎందుకు రాసినారు?”

పొరపాటు కాదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ షుగరు కోసమే వచ్చాయి. వాడుతూ చూస్తే గుండె ఫెయిల్యూర్‌కు కూడా మేలు చేస్తున్నాయని తేలింది, షుగర్ లేనివాళ్లలోనూ. మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి ఆ చోట శుభ్రంగా ఉంచుకోవాలి, లేకపోతే ఫంగస్ దురద వస్తుంది.

“ఛాతీలో మంట. గ్యాసా, గుండెపోటా?”

గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నవాళ్లను తెల్లారి తెచ్చిన రోజులు నాకు చాలా గుర్తున్నాయి. ఛాతీ మధ్యలో రాయి పెట్టినట్టు బరువు, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమటలు, వాంతి వచ్చినట్టు ఉండటం. ఇవి వస్తే ఇంట్లో తేల్చుకోవద్దు, ఈసీజీయే తేల్చాలి. షుగరు ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పే లేకుండా ఆయాసం, నీరసంగా రావచ్చు. 108కి ఫోన్ చేయండి. పేషెంటును బైకు మీద మధ్యలో కూర్చోబెట్టి తేవొద్దు.

గుండెపోటులో ధమనిని మూసేసిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి గంటల్లో ఇస్తేనే ఎక్కువ కండ మిగులుతుంది. పన్నెండు గంటలు దాటితే దానితో పెద్దగా లాభం ఉండదు. మన రాష్ట్రంలో గుండెపోటు వచ్చినవాళ్ల కోసం పెట్టిన స్టెమీ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తున్నారు. నేరుగా హైదరాబాదుకో బెంగళూరుకో కారు కట్టించుకుని గంటలు పోగొట్టుకోకండి. ముందు దగ్గర్లో ఈసీజీ, ఇంజెక్షన్. తర్వాతే ప్రయాణం.

“స్టంట్ వేసినారు. ఇక బాగైనట్టేనా?”

స్టెంట్ అంటే ధమనిలో పెట్టే చిన్న జాలీ గొట్టం. దానితో పూడిన చోటు తెరుచుకుంది. పైపులు పూడే గుణం ఒంట్లో అట్లాగే ఉంది. బీడీ, సిగరెట్, గుట్కా మానాలి. రక్తం పలచబడే మాత్రలు డాక్టరు చెప్పినన్నాళ్లు ఒక్క రోజు కూడా తప్పకూడదు. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా సరే, వాటిని మీ అంతట మీరు ఆపకండి.

“మా పాపకు వాల్వు జబ్బంటున్నారు. పదమూడేళ్లకే ఎట్లా?”

చిన్నప్పుడు ఒకరకం బ్యాక్టీరియాతో గొంతునొప్పి, జ్వరం వచ్చి, సరైన మందు పడకపోతే కొందరు పిల్లలకు కీళ్లవాతం జ్వరం వస్తుంది. కీళ్లు వాచి తగ్గిపోతాయి, కవాటాలు మాత్రం దెబ్బతింటాయి. మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ రాస్తారు. నొప్పి పుడుతుందని పాప ఏడ్చినా మానిపించకండి, మళ్లీ జ్వరం వచ్చిన ప్రతిసారీ కవాటం ఇంకా పాడవుతుంది. పెళ్లి చేసేటప్పుడు దాచొద్దు. దాచిన జబ్బు కాన్పులో బయటపడితే తల్లీబిడ్డా ఇద్దరికీ ముప్పు.

“ఉగాదికి శ్రీశైలం నడిచి పోవాలని మొక్కుంది.”

ఆత్మకూరు మీదుగా నల్లమలలో నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దారి. ఎండ, ఎక్కుడు, మధ్యలో ఆసుపత్రి లేదు. పంపింగ్ తగ్గినవాళ్లకు ఆ దారి వద్దు. బస్సులో వెళ్లి దర్శనం చేసుకోండి, మల్లన్న ఏమీ అనుకోడు. రోజూ ఇంటి దగ్గర నడవడం మాత్రం మానొద్దు. నడుస్తూ మాట్లాడగలిగినంత వేగం సరిపోతుంది.

“భార్యాభర్తలు కలవొచ్చా?”

సిగ్గుపడి అడగనివాళ్లే ఎక్కువ. ఆయాసం లేకుండా రెండు అంతస్తులు మెట్లెక్కగలిగితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర వాడేవాళ్లు మగతనం కోసం అమ్మే మాత్రలు ఎట్టి పరిస్థితుల్లోనూ వేసుకోకూడదు. బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోతుంది.

“ఖర్చు ఎట్లా? ఎక్కడికి పోవాలి?”

2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది మూడు జిల్లాల్లో, వాటిలో అనంతపురం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. స్టెంట్, బైపాస్, వాల్వు ఆపరేషన్లు అందులో ఉన్నాయి. ఆసుపత్రిలో వైద్యమిత్ర దగ్గర కార్డు చూపించి అడగండి. పుట్టపర్తి దగ్గర 1991లో మొదలైన సత్యసాయి ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లు ఉచితం. కడప వాళ్లకు తిరుపతి స్విమ్స్ దగ్గర. పుట్టుకతో గుండెలో రంధ్రమున్న పిల్లల కోసం తిరుపతిలో 2021లో టీటీడీ పద్మావతి చిన్నపిల్లల గుండె ఆసుపత్రి ప్రారంభించింది.

“గుండె మార్పిడి మన దేశంలో చేస్తారా?”

చేస్తారు. మన దేశంలో మొదటిసారి విజయవంతంగా చేసింది మన తెలుగువాడే, రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి. వేణుగోపాల్, 1994 ఆగస్టులో ఢిల్లీ ఎయిమ్స్‌లో. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి గుండెను తీసిన సుమారు నాలుగు గంటల్లోపు అమర్చాలి. ఇచ్చే కుటుంబాలు తక్కువ, ఎదురుచూసేవాళ్లు ఎక్కువ. అవయవదానం గురించి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఐసీయూ బయట నిలబడి అప్పటికప్పుడు నిర్ణయం తీసుకోవడం ఎంత కష్టమో నేను చూశాను.

“ఇంకా ఎన్నేళ్లు బతుకుతాడమ్మా?”

అంకె చెప్పమని చేతులు పట్టుకుని అడిగేవాళ్లు. నేను ఏ రోజూ చెప్పలేదు. అదే 30 పంపింగ్‌తో ఒకరు ఏడాదికే పోయారు, ఇంకొకరు మనవరాలి పెళ్లి చేశారు. మాత్రలు తప్పకపోవడం, ఉప్పు, బరువు, ఫ్లూ, న్యుమోనియా టీకాలు, ఇవి మన చేతిలో ఉన్నవి. మిగతావి చేతిలో లేవు.

“కళ్లముందే మనిషి పడిపోతే ఏం చేయాలి?”

భుజం తట్టి పిలవండి. పలక్కపోతే, ఊపిరి సరిగ్గా లేకపోతే ఒకరిని 108కి ఫోన్ చేయమనండి. నోట్లో నీళ్లు పోయొద్దు, చేతిలో తాళాలు పెట్టొద్దు. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో ఒక అరచేతి మడమ పెట్టి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా 5 సెంటీమీటర్ల లోతు నొక్కండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతి నొక్కు తర్వాత ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వండి. పక్కటెముక విరిగినట్టు చప్పుడైనా భయపడకండి. నాలుగైదు నిమిషాలు రక్తం అందకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అలసిపోతే పక్కనున్నవాళ్లకు చెయ్యి మార్చండి. అంబులెన్సు వాళ్లు వచ్చి “ఇక మేము చూసుకుంటాం” అనేదాకా ఆపొద్దు.